కొంగుతో తుడిచిన లెన్సు

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

నా భర్త పోయాక బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనికి చేరాను. కిందటేడు మా పనిని వీడియో తీయడానికి కర్నూలు నుంచి కెమెరా ఆయన వచ్చాడు. కెమెరాకు పెద్ద లెన్సు బిగించి, మూత పెట్టకుండానే యజమానితో మాట్లాడటానికి వెళ్లాడు. లెన్సు మీద తెల్లగా దుమ్ము పడింది. బండ మీద దుమ్ము కనిపిస్తే నీళ్లు చల్లి తుడవడం మాకు అలవాటు. అలాగే కొంగు తడిపి గట్టిగా రుద్దాను. కొంగుకు అంటిన రాతిపొడికి అద్దం మీద గీత పడింది.

"ఏమ్మే, ఎంత పని చేసినావు? రేపట్నుంచి పనికి రావాకు" అన్నాడు, కెమెరా ఆయనతో కలిసి బయటికి వచ్చిన యజమాని. ఆ కూలి తప్ప నాకు ఇంకో ఆధారం లేదు.

కెమెరా ఆయన లెన్సును ఊడదీసి వెలుతురులో తిప్పి చూశాడు. తర్వాత, "ఆమెనేమీ అనొద్దప్పా. మూత పెట్టకుండా పోయింది నేను" అన్నాడు. యజమాని గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

కెమెరా ఆయన ఇంకో లెన్సు బిగించి నా ముందుకు నడిచి వచ్చాడు.

"ఇంత దగ్గరికి ఎందుకప్పా? పెండ్లిళ్లలో యాడనో నిలబడి తీస్తారు గదా" అన్నాను.

"ఈ లెన్సు దూరముండేదాన్ని దగ్గరికి లాగదమ్మా. మనమే నడిచి పోవాల" అన్నాడు.

మరుసటి రోజు పనికి వెళితే ఎవరూ ఏమీ అనలేదు.

కోపమొస్తే నేను వాకిట్లో కూర్చొని అక్కడి నుంచే కోడలి మీద అరిచేదాన్ని. ఇప్పుడు లేచి వంటింట్లోకి పోయి, ఆమె ముఖం చూసి చెబుతున్నాను. ఈ మాట రాస్తూ ఆమె నవ్వుతోంది.