రేడియేటర్‌లో సగం డబ్బా పసుపు

ఈరోజు రెజిమెంటల్ బజార్ షెడ్డులో, నలుగురి ముందూ, మా మెకానిక్‌ను దొంగ అన్నాను. అతను దొంగ కాడు. నేను వెధవని.

నా కారుకు ఇరవై రెండేళ్లు. నీళ్లో, నూనో, దాని కింద ఎప్పుడూ ఏదో ఒక మరక ఉండేది. పోయిన వారం అతను కొత్త వాటర్ పంపు వేసి, ఇంజిన్ ఆయిల్ కారే చోట్లన్నీ విప్పి సీళ్లు మార్చాడు. రెండు రోజులు నేల పొడిగా ఉంది. మూడో రోజు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే కారు కింద మళ్లీ నీళ్లు.

ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే నా తెలివి ఏం కావాలి? రేడియేటర్ కారితే పసుపు వేయాలని, కన్నం పూడుకుపోతుందని డ్రైవర్లు చెప్పుకోగా విన్నాను. చెంచాడు చాలంటారు. నేను వంటింట్లోంచి డబ్బా తెచ్చి సగం వంపాను.

ఈ ఉదయం బేగంపేట దగ్గర టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. ఆపుతూ, చల్లారుస్తూ షెడ్డు చేరేసరికి బానెట్ కన్నా నేనే ఎక్కువ పొగలు కక్కుతున్నాను.

"ఏమయ్యా, కొత్త పంపని చెప్పి పాతది బిగించినవా? దొంగతనం షురూ చేసినవా?"

పక్కన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు తన కారు పనికి ఇస్తూ తాళం ఉన్న చెయ్యి చాపి ఉన్నారు. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, "మళ్లీ వస్తాలే బాబూ" అని వెళ్లిపోయారు.

మెకానిక్ బానెట్ ఎత్తాడు. ఇంజిన్ చల్లారాక పైపు ఊడదీశాడు. పసుపు ముద్ద జారిపడింది.

"ఇదేంది సార్? రేడియేటర్‌కు పెండ్లి చేస్తున్నరా?"

"కింద నీళ్లు కారితే..."

"అవి ఏసీ ఏస్తే కారే నీళ్లు సార్! జెర ఒక్క ఫోన్ కొడితే ఏమైతుండె?" తర్వాత గొంతు తగ్గించాడు. "పెద్దసారు మొదటిసారి వచ్చిండు. ఆయన మాట మీద వాళ్ల కాలనీ కార్లన్నీ వస్తుండె. ఇగ రావు."

ఆయన అడ్రసు అడిగాను. "పోనీయండ్రి సార్" అన్నాడు. పట్టుబట్టి తీసుకుని, ఆటోలో మారేడ్‌పల్లి వెళ్లాను.

"పంపు మంచిదేనండి. రేడియేటర్‌లో పసుపు పోసింది నేను."

హెడ్‌మాస్టరు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎంత?"

"సగం డబ్బా."

"నయం, తాలింపు పెట్టలేదు." నవ్వారు గానీ కుర్చీలోంచి లేవలేదు. "అతనే పంపించాడా నిన్ను?"

"లేదండి, పోనీయమన్నాడు. మీరే వచ్చి ఆ ముద్ద చూడండి."

ఆయన కారులోనే తిరిగొచ్చాం. ఉదయం విన్నవాళ్లందరూ వినేలా, తప్పు నాదేనని గట్టిగా చెప్పాను. పక్క కొట్టాయన పంక్చర్ వేయడం ఆపి మరీ విన్నాడు.

"చాలు సార్, ఇగ గల్లీ మొత్తం దండోరా వేయకుండ్రి" అని మెకానిక్ నీళ్ల పైపు నా చేతిలో పెట్టాడు.

హెడ్‌మాస్టరు తాళం ఇంకా ఇవ్వలేదు. వంగి కొత్త పంపునే చూస్తున్నారు. నేను చొక్కా చేతులు మడిచి రేడియేటర్ కడగడం మొదలుపెట్టాను.