పెద్దాయన వద్దన్న స్లాబు

మేం దక్షిణ లెబనాన్‌లో దిగిన రోజు కొండల మీద మంచు, కింద తీరంలో వాన. ఐక్యరాజ్య సమితి శాంతి సేనలో మాది భారత ఇంజినీర్ల దళం. నీలం టోపీ, బరువైన రక్షణ కోటు, మోకాళ్ల దాకా బూట్లు. నా చేతిలో తుపాకీ కంటే తాపీయే ఎక్కువసేపు ఉండేది.

మొదటి వారంలోనే ఆర్డరొచ్చింది. తీరం దగ్గరి పాలస్తీనా శరణార్థుల శిబిరంలో ఒక సందుకు మురుగుకాలవ కట్టాలి. కురుస్తున్న ఇళ్లకు స్లాబు వెయ్యాలి. ఆరుగురం. ఆయుధాలు గేటు దగ్గరే అప్పగించాలి. చీకటి పడేలోపు బయటికి వచ్చెయ్యాలి.

శిబిరం అనగానే, ఇప్పుడు నేనుంటున్న సింగపూర్‌లో, టాంపినీస్ పేటలోని మా అపార్ట్‌మెంట్ బ్లాకులో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు గుడారాలు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. గుడారాలు ఎప్పుడో పోయాయి. సిమెంటు ఇటుకల గోడలు, పైన తుప్పు రేకులు, అవి గాలికి లేవకుండా రాళ్లు, పాత టైర్లు. సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒరగాలి. మురుగు మధ్యలోంచి పారేది. గట్టి వానొస్తే ఇళ్లలోకే వచ్చేది.

కాలవ బాగానే సాగింది. స్లాబులూ ఒక్కొక్కటే పడ్డాయి. చివరి ఇంటి దగ్గర ఆగాం.

ఆ ఇల్లు అబూ సలీం అనే పెద్దాయనది. కొడుకు గల్ఫ్‌లో కూలి. ఇంట్లో కోడలు సమీరా, ఉబ్బసంతో రొప్పే మనవరాలు. శిబిరం బడిలో ఇంగ్లీషు చెప్పే పంతులు మాకు దుబాసీ.

"రేకులు చాలు," అన్నాడు పెద్దాయన. "స్లాబు వేస్తే పాలస్తీనాలోని మా ఊరికి తిరిగి వెళ్లం, ఇక్కడే ఉండిపోతామని ఒప్పుకున్నట్టే. మా నాన్న గుడారం మేకులు కూడా లోతుగా కొట్టనిచ్చేవాడు కాదు."

సమీరా గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఆ ఊరు మీరు చూశారు మామా. నేను చూసింది ఈ చెమ్మగోడలే. పిల్లకి ఊపిరాడట్లేదు."

మా హవల్దారు వైర్‌లెస్ తీశాడు. "ఒక్క ఇల్లు మిగిలింది. ఇంటాయన వద్దంటున్నాడు. ఓవర్."

కాసేపు గరగర, తర్వాత మా ఆఫీసరు గొంతు. "వద్దంటే బలవంతం చెయ్యకండి. ఓవర్."

సామాను సర్దుకున్నాం. మూడో రోజు వానకి పాపను ఆస్పత్రిలో చేర్చారని తెలిసింది. మర్నాడు పొద్దున పెద్దాయనే మా లారీ దగ్గరికి వచ్చాడు. మాలో ఎవరి మొహమూ చూడలేదు.

"వెయ్యండి," అన్నాడు.

వేశాం. నా సర్వీసులో అంత శ్రద్ధగా ఇంకో స్లాబు వెయ్యలేదు. స్లాబు కింది సెంట్రింగ్ చెక్కలు విప్పాక లోపల చుక్క చెమ్మ లేదు. పాప ఆస్పత్రి నుంచి వచ్చి ఆ గదిలో రొప్పకుండా నిద్రపోయింది. సమీరా మా అందరికీ రొట్టెలు పెట్టింది.

పెద్దాయన మాత్రం లోపలికి రాలేదు. విప్పిన పాత రేకులు తెచ్చి బయటి గోడకు ఏటవాలుగా ఆనించి, కింద కుర్చీ వేసుకున్నాడు. తిండి అక్కడే, పడకా అక్కడే. కోడలు బతిమాలింది. నేనూ వెళ్లి అడిగాను.

"మీరు మంచి పనే చేశారు," అన్నాడు. "నాకే కాళ్లు లోపలికి పడట్లేదు."

అక్కడ మా డ్యూటీ గడువు ముగిసింది. ఇంటికొచ్చాను. సర్వీసు పూర్తయ్యాక సింగపూర్ వచ్చాను. వీధికో కంప్యూటర్ కంపెనీ తెరుస్తున్న కాలం. సర్వర్ల గదులు కట్టేచోట సూపర్‌వైజర్ పని దొరికింది. "యంత్రాలకి చెమ్మ తగలకూడదు" అని మేనేజరు మొదటి రోజే గట్టిగా చెప్పాడు. నాకు సమీరా గుర్తొచ్చింది.

"మరి ఆ తాతయ్య లోపలికి వెళ్లాడా అంకుల్?" అని మా పై అంతస్తు అమ్మాయి ఒకసారి అడిగింది. తెలీదమ్మా అన్నాను. నిజంగానే తెలీదు. పాప బతికింది, ఆయన ఇల్లు పోగొట్టుకున్నాడు. రెండూ ఆ స్లాబు వల్లే.

నన్ను వదలనిది శిబిరంలో మా ఆఖరి రోజు. వాన పడుతోంది. లారీ స్టార్టయింది. రేకుల కిందినుంచి పెద్దాయన కాఫీ కప్పు ఎత్తి నన్ను రమ్మన్నాడు. "ఎక్కు, ఆలస్యమవుతోంది," అన్నాడు హవల్దారు. ఎక్కాను. లారీ మలుపు తిరిగేదాకా చూశాను. ఆయన చెయ్యి రేకుల బయటికి అలాగే చాపి ఉంది. కప్పులో వాన పడుతోంది.