నావి మూడు అంకెలు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా గోదారి మీద ఒట్టండి, ఆయ్.

మొన్న మా అమ్మాయి స్టాటిస్టిక్స్ క్లాసు కోసం చింతపిక్కల్ని ఒకవైపు గచ్చు మీద రుద్దుతుంటే, ఆ మాడువాసనకి మా మలికిపురం బావ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

మావయ్యగారింట్లో సైకిల్ ఒక్కటే. వేసవి సెలవుల్లో రోజూ పొద్దున్నే నాలుగు పిక్కలు వేసేవాళ్లం. గెలిచినవాడు తొక్కాలి, ఓడినవాడు వెనకాల పరిగెత్తాలి. ఎన్ని తెల్లగా పడితే అంత అంకె. అన్నీ నల్లగా పడితే ఎనిమిది. "నాకు రెండూ మూడూ చాలు. ఒకటీ నాలుగూ ఎనిమిదీ నువ్వు తీసుకో," అన్నాడు బావ. నావి మూడు అంకెలు, వాడివి రెండే. అయినా వారంలో నాలుగైదు రోజులు వాడే సైకిలెక్కేవాడు.

"అన్ని అంకెలిచ్చినా ఏడుపేనేంట్రా, వెధవా!" అని వెక్కిరించేవాడు. పిక్కలకి ఏదో మంత్రం వేశాడని వాటిని కాలవలో పారేసి, కొత్తవి నేనే రుద్దాను. మళ్లీ ఓడాను. ఆ పగతో ఇప్పటికీ పెళ్లిళ్లలో వాడి పంక్తిలో భోజనానికి కూర్చోను.

"నాలుగు పిక్కలూ పదహారు రకాలుగా పడొచ్చు నాన్నా. అందులో రెండో మూడో వచ్చేవే పది," అంది ఇదంతా విన్న మా అమ్మాయి. నేను అంకెలు లెక్కపెట్టుకున్నాను గానీ, ఏ అంకె ఎన్ని రకాలుగా వస్తుందో చూసుకోలేదు.

ఒక్క ముక్క మాత్రం కల్పించానండి. అంకెలు పంచింది బావ కాదు. "చిన్నోడివి, నీకేవి కావాలో ముందు నువ్వే తీసుకోరా," అన్నాడు వాడు.