అట్టకు ఫోటో తీశానా, లేదా?

ఈ రోజు శామీర్‌పేట చెరువు దగ్గరికి వెళ్లేసరికి నా పెద్ద కెమెరాకు మిగిలింది ఒకే ఒక్క ఫిల్ము షీటు. రేకుల నీడన కూర్చుని చేపలమ్మే అవ్వ ఫోటో తీయాలి. ఆమె వెనక నీళ్లు ఎండకు మెరిసిపోతున్నాయి. ఫోన్లో ఎవరు తీసినా తన ముఖం నల్లగానే వస్తోందని ఆమె బాధ. ముఖం కనబడేలా తీస్తానని నేను మాటిచ్చాను.

దానికో ఉపాయం ఉంది. ముందు లెన్సుకు అడ్డంగా తెల్ల అట్ట పెట్టి ఫిల్ముకు రవ్వంత వెలుతురు చూపించాలి. తర్వాత అదే ఫిల్ము మీద అసలు ఫోటో తీస్తే నీడలో ఉన్నవి కూడా తేలతాయి. అట్టకు రెండుసార్లు తీస్తే మాత్రం బొమ్మంతా వెలిసిపోయినట్టవుతుంది.

ఇంతలో ఇంటి నుంచి ఫోన్. మాట్లాడి వచ్చేసరికి అట్ట పని అయిందో లేదో నాకు గుర్తు లేదు.

“అయింది బిడ్డా. టిక్కుమనిపించి అట్టను సంచిల వెట్టినవ్,” అంది అవ్వ.

“నిజంగా చూశావా అవ్వా?”

“నన్ను గూసోవెట్టి అట్టకు ఫోటో దీస్తున్నదేందని జూస్తనే ఉన్న. గింత అనుమానమైతే మీ ఇంటాయన ఎట్ల ఏగుతుండు?”

ఆమె మాట నమ్మి మీట నొక్కేశాను.

సాయంత్రం ఫిల్ము కడిగి చూస్తే అన్నీ ఉన్నాయి. ముక్కుపుడక, గడ్డం మీది పచ్చబొట్టు, నన్ను చూసి నవ్వుతున్న నోరు. తాళం వేశానో లేదో అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, అవ్వ దగ్గరికి తీసుకెళ్తాను.