అడిగి కోసిన పొడపత్రి

మహిమలనీ దెయ్యాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, గవర్నర్‌పేట సభల్లో మైకు పట్టుకుని నమ్మేవాళ్లతో తగాదా పడినవాణ్ణి. రుజువు చూపించండి, లేదా ఊరుకోండి అనేది నా వాదం. ఇప్పుడు చెప్పబోయేది నేనే పెట్టిన పరీక్షలో, నా కళ్లముందే జరిగింది.

విజయవాడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఉయ్యూరు నుంచి వచ్చే మేరీ సుజాత నా దగ్గర పరిశోధన చేస్తోంది. పొడపత్రి తీగ కణుపుల్ని గాజుసీసాల్లో మొలిపించి, ఆ ఆకుల రసం పుండ్లకు చీము పట్టించే బాక్టీరియాను ఆపుతుందో లేదో తేల్చాలి. గడువు ఆరు నెలలే మిగిలింది. మూడుసార్లు పెట్టినా కణుపులు నల్లబడి చచ్చిపోయాయి. సీసాలు కడుగుతూ ఆ అమ్మాయి కళ్లు తుడుచుకోవడం చూశాను.

మేం కుండీల్లో పెంచే తీగలు తెచ్చి ఇచ్చేది మైలవరం వైపు నుంచి వచ్చే పుల్లమ్మ గారు. మందుమొక్కలు అమ్ముకుని బతికే మనిషి. సంగతి విని, "అడిగే కోశారా అండీ?" అన్నారు.

ఎవర్నని అడిగాను.

"తీగనండి. నీతో పనుంది, రా తల్లీ అనాలి. చెప్పాపెట్టకుండా మిమ్మల్ని ఆటో ఎక్కిస్తే మీరు ఊరుకుంటారా?"

సుజాత నవ్వింది. నాకు మండింది. సరే, పరీక్ష పెడదామన్నాను.

మర్నాడు సుజాత రాకముందే, కుండీల్లోని తీగల మీద ఇరవై కణుపులకు అంకెల చీటీలు కట్టాను. లాటరీ తీసి పదింటిని ఎంచాను. పుల్లమ్మ గారు ఆ పదింటినే అడిగారు. ఇరవైనీ కోసింది మాత్రం నేనే, ఒకే కత్తెరతో. ఏవి అడిగినవో రాసిన కాగితం బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తర్వాత వచ్చిన సుజాత అన్నిటినీ ఒకేలా కడిగి, ఒకే జెల్లీలో నాటింది.

మూడో వారానికి పది నల్లబడ్డాయి, పది చిగురేశాయి. కాగితం తీసి చూశాను. చిగురేసినవి ఆ పదే.

కాకతాళీయం అనడానికి నోరు రాలేదు. మళ్లీ నలభై పెట్టాం, సగమే అడిగించి. ఈసారి నలభైకి నలభై బతికాయి. అడగనివీ బతికాయని గెలిచినవాడిలా పుల్లమ్మ గారికి చెప్పాను.

"తీగ ఒకసారి వస్తానన్నాక మళ్లీ మళ్లీ అడుగుతారా ఎవరైనా? మీరు అడగమన్నారని అడిగానండీ, అంతే."

ఎటు తిప్పినా ఓడని వాదమది. సభలో అయితే చీల్చి చెండాడేవాణ్ణి. కానీ మొదటిసారి ఆ పదే ఎందుకు బతికాయో తేల్చాలని కూర్చున్నాను. నీళ్లు, వెలుగు, గది చల్లదనం, అన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు.

మొన్న సుజాత గాజుపళ్లెం తెచ్చి చూపించింది. ఆకు రసం వేసినచోట చుట్టూ బాక్టీరియా పెరగని తేటవలయం. "వచ్చింది సార్," అంది. చాలాకాలానికి హాయిగా టీ తాగాను.

పుల్లమ్మ గారు తీగను అడిగిన సంగతి కూడా సిద్ధాంత గ్రంథంలో రాయాలా అని సుజాత అడిగింది. జరిగింది జరిగినట్టు రాయమన్నాను. కారణం దగ్గర 'తెలియదు' అని రాసింది.

సంతకం పెట్టాను.