ఎనభై ఎనిమిది

వికారాబాద్‌లో ఒక చిన్న సర్వే ఆఫీసులో పనిచేస్తాను. ఊళ్లలో అడిగి రాసుకొచ్చిన జవాబులు నా దగ్గరికి అంకెలుగా వస్తాయి. వాటిలోని తప్పులు తీసి శుభ్రం చేయడం నా పని.

రెండేళ్ల కిందట తాండూరులో నాపరాయి పాలిష్ పట్టేవాళ్ల ఊపిరితిత్తుల మీద సర్వే జరిగింది. ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నావు, రోజుకు ఎన్ని బీడీలు అని అడిగితే చాలామంది "ఎర్కలేదు" అన్నారట. ఫారంలో ఆ మాటకు సంకేతం 88. దాన్ని అలాగే వదిలేస్తే, బీడీలు ఎన్నో గుర్తులేని మనిషి రోజుకు ఎనభై ఎనిమిది కాల్చినట్టు తేలుతుంది. అందుకని ఒక నియమం రాశాను: 88 ఉన్నచోట ఖాళీ పెట్టు. నూరుకు పైగా ఉన్న ప్రశ్నలకు విడివిడిగా రాయలేదు. మొదటి కాలమ్ నుంచి చివరి కాలమ్ దాకా అదే తిరిగేలా మూడు పంక్తుల్లో పెట్టాను. ఆ పూట తృప్తిగా ఉన్నట్టు గుర్తు.

చివర ఉన్న ఒక కాలమ్ ప్రశ్నకు జవాబు కాదు. వేలికి క్లిప్పు పెట్టి చూసిన ఆక్సిజన్ శాతం. తొంభై రెండు కంటే తక్కువ వచ్చినవాళ్ల జాబితా ఆస్పత్రికి పంపాలి. అందులో ఎనభై ఏడు వచ్చినవాళ్లు ఉన్నారు, ఎనభై తొమ్మిది వచ్చినవాళ్లు ఉన్నారు. మధ్య అంకె లేదు. నేను గమనించలేదు.

మా బావ, అంటే అక్క భర్త, ఆ పాలిష్ మిషన్ల మీదే పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. సర్వేలో ఆయనా ఉన్నాడు. కానీ నాకు వచ్చే ఫైల్లో పేర్లుండవు, నంబర్లే. ఒక ఆదివారం తాండూరు వెళ్తే తన నంబరున్న చీటీ తీసి నా చేతిలో పెట్టాడు.

"జర చూడు బామ్మర్దీ, గా లిస్టుల నేనున్ననా? ఉంటే ముందుగాల నాకే చెప్పు. మీ అక్కకు తెలిస్తే పనికి పోనియ్యది."

ఫోన్‌లో జాబితా తెరిచి చూసి, నువ్వు లేవని చెప్పాను. "ఇన్నవా? నేను మంచిగనే ఉన్ననంట" అని వంటింటి వైపు గొంతు పెంచి నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. ఆ దగ్గు నేనూ విన్నాను. సోమవారం ఆయన పనిలోకి వెళ్లాడు.

ఏడు నెలలకు చనిపోయాడు. ముందే ఆస్పత్రికి వచ్చి ఉంటే ఇంకొన్నేళ్లు బతికేవాడేమో, అంతకంటే చెప్పలేమన్నారు డాక్టర్లు.

దినాలయ్యాక ఆఫీసులో అసలు ఫైలు తెరిచి ఆయన నంబరు వెతికాను. ఎదురుగా ఆక్సిజన్ కాలమ్‌లో 88 ఉంది. ఆ కాలమ్‌ను నియమం నుంచి తప్పించి మళ్లీ నడిపితే ఇంకో ముగ్గురు బయటపడ్డారు. మా పై అధికారికి చెప్పాను. ముగ్గురినీ వెంటనే ఆస్పత్రికి పంపమన్నారు. ఇంట్లో చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టమన్నారు.

చెప్పకపోతే అక్కకు ఎప్పటికీ తెలియదు. చెబితే నన్ను ఇంట్లోకి రానిస్తుందో లేదో తెలియదు. రెండు రోజులు ఆగి తాండూరు రైలెక్కాను. ఎర్కలేదు అన్నవాళ్లకు పెట్టిన అంకె, బావకు వచ్చిన అంకె ఒకటే అయ్యాయని, రెంటినీ నేనే తుడిచేశానని చెప్పాను.



"ఆయన ఎర్కలేదు అన్లే తమ్మీ. వేలు పెట్టిండు" అంది అక్క.

 అలా తప్పిపోయినవాళ్లు ఇంకెవరెవరని అడిగింది. ఇద్దరు ఆస్పత్రికి వెళ్లారని, కరణ్‌కోట దారిలో ఉండే ఒకాయన మాత్రం తనకేమీ లేదంటున్నాడని చెప్పాను. బావతో కలిసి పనిచేసినవాడే. అక్క చెప్పులు వేసుకుంది.

ఆయన ఇంటి ముందు నిలబడి నేను ఫారం గురించి, సంకేతాల గురించి మొదలుపెట్టాను. అక్క ఆపింది.

"మా ఇంటాయన గూడ గిట్లనే మంచిగున్న అన్నడన్నా. రేపు దవాఖానకు పో."

 పొద్దున ఎన్ని గంటలకు ఆస్పత్రికి రావాలని ఆయన భార్య నన్ను అడిగింది.

తిరుగుదారిలో అక్క నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ అవసరమైనంతే మాట్లాడుతుంది.