మూడు వంకర రైకలు

దయ్యాలను నేను నమ్మను. ఆనాడూ నమ్మలేదు. చీకట్లో ఏదో కనిపించిందని ఎవరైనా చెబితే, దీపం ఎంత దూరంలో ఉందని ముందు అడిగే మనిషిని నేను. నాకు జరిగింది మాత్రం పట్టపగలే జరిగింది. కుట్టు మిషను ముందు, మెడలో టేపు వేసుకుని కూర్చున్నప్పుడు. అందుకేనేమో, తలుచుకుంటే ఇప్పటికీ భయం కంటే చిరాకే ఎక్కువ కలుగుతుంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. సిద్దిపేటలో ఉండి, కుట్టు క్లాసుకు పోతూ, పరీక్షకు తయారవుతున్నాను. మా అమ్మ వేములఘాట్‌లో నాట్లకు, కలుపుకు కూలికి పోయేది. పరీక్ష పాసైతే ఆడపిల్లల బడిలో కుట్టు నేర్పే కొలువు ఇస్తామన్నారు. తప్పితే నేనూ అమ్మ వెంట పొలంలోకి దిగాల్సిందే. లచ్చవ్వ అనే ఆమె ఇంట్లో ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉండేదాన్ని.

పరీక్షలో రెండు భాగాలు. ఇచ్చిన కొలతలకు ముందు కాగితం మీద నమూనా గీయాలి. తర్వాత ఆ నమూనా ప్రకారం గుడ్డ కత్తిరించి కుట్టాలి. గుడ్డ కంట్రోలులో ఉండేది, మనిషికి ఇంతని లెక్కకట్టి ఇచ్చేవాళ్ళు. గజం గుడ్డ కోసం ఎండలో వరసలో నిలబడి తెచ్చుకునేదాన్ని. అలాంటి గుడ్డ పాడైతే ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా?

మొదటి రైక పాడైంది. కుట్టు టీచరమ్మ బోర్డు మీద రాసిన కొలతలకే కుట్టాను. కుట్టి పరిచి చూస్తే ఎడమ భుజం వేలెడు కిందికి దిగి ఉంది. మెడ దగ్గరి నుంచి చెయ్యి మొదలు దాకా కుడివైపు కంటే అర అంగుళం తక్కువ.

కుట్టు తెలిసినవాళ్ళకు ఇది ఎంత విడ్డూరమో తెలుస్తుంది. రైక గుడ్డను మడతపెట్టి కత్తిరిస్తాం. రెండు పొరలూ ఒకే కత్తెరకు, ఒకేసారి తెగుతాయి. ఒక భుజం ఎక్కువ, ఒక భుజం తక్కువ ఎట్లా వస్తాయి? కాగితం నమూనా మళ్ళీ కొలిచాను. అది సరిగ్గానే ఉంది.

టీచరమ్మ నా పుస్తకంలో తారీఖు వేసి, తప్పు ఎక్కడుందో ఎర్ర సిరాతో రాసింది. "చెయ్యి గీడ, మనసు గాడ పెట్టి కుడితే గిట్లనే ఉంటది మార్తా" అంది. నిజమే కాబోలు అనుకున్నాను.

రెండోది ఆమె పక్కన నిలబడి చూస్తుండగా కత్తిరించాను. అదీ అట్లాగే వచ్చింది. అదే వైపు, అదే వేలెడు. నాకు ఏడుపు రాలేదు, కత్తెర విసిరికొట్టాలనిపించింది.

మూడోదానికి టీచరమ్మకే పట్టుదల వచ్చింది. తానే గీసింది, తానే కత్తిరించింది. మిషను మీద తప్పేమోనని నన్ను వేరే మిషను మీద కూర్చోబెట్టింది. నేను కుట్టడం ఒక్కటే. పూర్తయ్యాక పరిచి చూసింది. రెండు భుజాలూ టేపుతో కొలిచింది. పుస్తకంలో తారీఖు వేసి, "ఎడమ భుజం" అని మాత్రం రాసి మూసేసింది.

ఆ తర్వాత కుట్టినవన్నీ సరిగ్గానే వచ్చాయి. ఎందుకు వచ్చాయో అదీ తెలియదు. ఆ మూడింటినీ విప్పి ఏం చేసుకోను? మూట కట్టి మూలన పడేశాను.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా లచ్చవ్వ అక్క నర్సవ్వ మిరుదొడ్డి నుంచి వచ్చింది. అంతకు ముందు ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. మెడ కింద ఎముక విరిగి, వంకరగా అతుక్కుంది. ఏ రైక తొడిగినా ఎడమవైపు జారిపోతోందని, చెంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. నమూనా గీసుకుంటున్న నా దగ్గరికి లచ్చవ్వ వచ్చింది.

"నీ వంకర రైకలున్నయి గద బిడ్డా, ఒకటియ్యి. మా అక్కకు అక్కరకొస్తది."

నాకు ఒళ్ళు మండింది. నా తప్పులు ఇల్లంతటికీ తెలిసిపోయాయన్నమాట. మూట తీసి చేతిలో పెట్టాను.

నర్సవ్వ ఒకటి తొడుక్కుని వాకిట్లోకి వచ్చింది. ఎక్కడా ముడత లేదు, ఎక్కడా బిగువు లేదు. ఎడమ భుజం మీద కుట్టు ఆమె ఎముక మీద పోతపోసినట్టు కూర్చుంది. మిగతా రెండూ తొడిగి చూసింది. అవీ అంతే.

"నా కొలత నీకెవలు జెప్పిన్రు బిడ్డా?" అంది, భుజం తడుముకుంటూ.

ఎముక ఎప్పుడు విరిగిందని అడిగాను.

"పీర్లు లేసిన నాడు. బర్రె గుంజితే బండ మీద పడ్డ. కట్టు కట్టినోడు సరిగ్గ కట్టలే."

నేను లేచి పుస్తకం తెచ్చాను. మూడో రైక తారీఖు పీర్ల పండుగకు నాలుగు రోజుల ముందుది. మొదటిది అంతకన్నా రెండు వారాల ముందుది. అప్పటికి ఆమె భుజం నిక్షేపంగా ఉంది. మర్నాడు టీచరమ్మకు చూపించాను. ఆమె తారీఖులు రెండుసార్లు లెక్క చూసుకుని, "పరీక్ష అయ్యేదాక ఎవ్వలకు జెప్పకు" అంది. అంతే.

పరీక్ష పాసయ్యాను. కొలువూ దొరికింది. కానీ ఒక మాట మాత్రం నన్ను చాలా ఏళ్ళు తొలిచింది. ఆమె పడబోతుందని ఆ రైకలకు ముందే తెలిసిందా? లేక నేను కుట్టాను కాబట్టి ఆమె పడిందా? మా అమ్మకు చెబితే ప్రార్థన చేసుకొమ్మంది. చేసుకున్నాను. జవాబు రాలేదు.

ఆ మరుసటేడు నర్సవ్వ మళ్ళీ వచ్చింది. మూడూ పాతబడ్డాయి, అట్లాంటిదే ఇంకొకటి కుట్టమంది. ఈసారి ఆమెను ఎదురుగా నిలబెట్టి టేపుతో కొలిచాను. రెండు భుజాలూ విడివిడిగా, మూడేసి సార్లు. కాగితం మీద గీశాను, జాగ్రత్తగా కత్తిరించాను, రాత్రి పని పెట్టుకోకుండా పగటి వెలుతురులోనే కుట్టాను.

ఆ ఒక్కటే ఆమెకు పట్టలేదు.